చిన్నపిల్లలున్న ఇంట్లో సాయంత్రం జపం ఎలా నడపాలి

మరియమ్మ నెల అక్టోబరు దగ్గర పడిందంటే చర్చిలో సత్యోపదేశం (పిల్లలకు కతోలిక విశ్వాసం నేర్పే) క్లాసుకు పిల్లల్ని దింపడానికొచ్చే తల్లులందరూ దాదాపు ఒకే మాట అడుగుతారు: "జపమాల మొదలుపెట్టంగనే మావోడు ఉరుకుతడు టీచర్, ఎట్ల కూసోబెట్టాలె?" తండ్రులది ఇంకో ప్రశ్న: "డ్యూటీలతోటి టైం కుదర్తలేదు, ఆదివారం ఒక్కనాడు గట్టిగ చేస్తే సరిపోదా?" ప్రతిసారీ నిలబడి చెప్పే జవాబునే ఇక్కడ వరసగా రాస్తున్నాను. జపమాల అంటే పూసలు లెక్కపెడుతూ చెప్పుకునే మరియమ్మ జపం. రెండేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ దాకా పిల్లలున్న ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో జపం పొట్టిగా ఉండాలి, కానీ రోజూ ఉండాలి. చాలా ఇళ్ళలో దీన్ని తిరగేసి చేస్తారు. నెలకోసారి మనసు కదిలినప్పుడు అందర్నీ కూర్చోబెట్టి ముప్పావు గంట లాగుతారు. ఆ మర్నాటి నుంచి మళ్ళీ ఏమీ ఉండదు. పిల్లాడికి ఆ ముప్పావు గంటలో మోకాళ్ళు నొప్పెట్టింది తప్ప ఇంకేమీ గుర్తుండదు.

పొట్టిగా చేస్తే దేవునికి తక్కువ చేసినట్టేమో అని కొందరు నానమ్మలు బాధపడతారు. మన కాజీపేట కేథడ్రల్ ఎవరి పేరు మీద ఉందో ఆ ఫాతిమా మాత సంగతే చూడండి. 1917లో పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమ్మ తల్లి దర్శనమిచ్చింది గొర్రెలు కాసే ముగ్గురు పిల్లలకు. లూసియాకు 10 ఏళ్ళు, ఫ్రాన్సిస్కోకు 8, జసింతాకు 7. మధ్యాహ్నం అన్నం తిన్నాక జపమాల చెప్పమని ఇంట్లో పెద్దలు పంపితే, వీళ్ళు ఆటకు ఆలస్యమవుతుందని ప్రతి పూసకూ జపంలోని మొదటి మాట మాత్రం అని ముగించేవాళ్ళట. ఈ సంగతి పెద్దయ్యాక లూసియానే రాసింది. ఆ పిల్లల్నే మరియమ్మ తల్లి ఎంచుకుంది. రోజూ జపమాల చెప్పండని వాళ్ళకే చెప్పింది. ఫ్రాన్సిస్కో, జసింతాలను 2017 మే 13న పోప్ ఫ్రాన్సిస్ పునీతులుగా ప్రకటించారు. కాబట్టి మీ పిల్లాడు జపంలో కదులుతున్నాడని దిగులు వద్దు.

కావలసినవి

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక సిలువ, యేసు తిరుహృదయ పటం గానీ మరియమ్మ స్వరూపం గానీ ఒకటి, పిల్లలు కూర్చోవడానికి చాప. ఆశీర్వదించిన తీర్థజలం చిన్న సీసాలో ఉంటే మంచిది, మీ విచారణ (పారిష్) చర్చిలో అడిగితే ఇస్తారు. చదవడం వచ్చిన పిల్లలుంటే బొమ్మల బైబిలు ఒకటి. ఒక కొవ్వొత్తి. ఒక జపమాల, అయితే మూడేళ్ళ లోపు పిల్లలుంటే పూసలది కాదు, ముళ్ళది. అది ఎలా చేయాలో కింద రాశాను.

ఫోన్లన్నీ వేరే గదిలో పెట్టాలి. కావలసిన వాటిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే.

1. చోటు ఖాయం చేయండి

పటం పెట్టే చోటు పిల్లాడి కంటికి అందాలి. మన ఇళ్ళలో తిరుహృదయ పటం గుమ్మం పైన, ఫ్యాను ఎత్తులో ఉంటుంది. మూడేళ్ళ పాపకు అక్కడ ఏముందో కనపడదు. పెద్ద పటాన్ని కదిలించకండి. కింద ఒక చిన్న స్టూలు మీదో గూట్లోనో చిన్న స్వరూపం పెట్టండి. వీలైనప్పుడు విచారణ గురువుల్ని ఇంటికి పిలిచి ఆ చోటును ఆశీర్వదింపజేయండి. ఫాదర్ గారు వచ్చి తీర్థజలం చల్లిన చోటంటే పిల్లలకు తెలియకుండానే గౌరవం ఏర్పడుతుంది.

టీవీ ఉన్న గోడకు పెట్టకండి. టీవీ కట్టేసి ఉన్నా పిల్లల చూపు అటే పోతుంది.

జాగ్రత్త: కొవ్వొత్తి పిల్లల చేతికి అందని ఎత్తులో, స్టీలు పళ్ళెంలో ఇసుకో నీళ్ళో పోసి నిలబెట్టండి. పక్కన కర్టెన్ ఉండకూడదు. పట్టు లంగా, పాలిస్టరు ఫ్రాకు వేసుకున్న పాపను వంగి ఆర్పనివ్వకండి. ఏడాది రెండేళ్ళ పిల్లలున్న ఇంట్లో బ్యాటరీతో వెలిగే దీపం పెట్టుకున్నా తప్పేమీ లేదు.

2. వేళను గడియారానికి కాదు, పనికి ముడిపెట్టండి

"రోజూ ఏడున్నరకు" అని పెట్టుకుంటే వారం తిరగకుండానే తప్పుతుంది. రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముందు పెట్టుకోండి. అన్నం ముందు అనేది అన్నిటికంటే బాగా నిలుస్తుంది. తిన్నాక పెడితే చిన్నవాళ్ళు నిద్రకు తూగుతారు, పెద్దవాళ్ళు హోంవర్కు గుర్తుచేసుకుంటారు. ఆకలి మరీ ఎక్కువైతే గుప్పెడు అటుకులో ఒక బిస్కెటో ముందే పెట్టండి. ఆకలేసిన పిల్లాడితో జపం చేయించడం ఎవరివల్లా కాదు.

భూపాలపల్లి, గోదావరిఖని వైపు సింగరేణి ఇళ్ళలో, కాజీపేటలో రైల్వే రన్నింగ్ డ్యూటీ ఇళ్ళలో నాన్న సాయంత్రం ఇంట్లో ఉండడు. అలాంటప్పుడు నాన్న వచ్చేదాకా ఆగవద్దు. అమ్మ, పిల్లలు సాయంత్రం చేసుకోండి. నాన్నకు తన వంతు వేరే ఉండాలి: డ్యూటీకి బయల్దేరే ముందు పిల్లల నుదుటి మీద సిలువ గుర్తు వేసి వెళ్ళాలి. సెకండ్ షిఫ్ట్ అయితే మధ్యాహ్నం, నైట్ షిఫ్ట్ అయితే రాత్రి. పట్టేది అర నిమిషం. పిల్లలు దీన్ని మరిచిపోనివ్వరు, బండి స్టార్ట్ చేస్తే వెనక ఉరికొచ్చి నుదురు చూపిస్తారు.

పత్తి ఏరే రోజుల్లో ఊళ్ళల్లో తల్లులు పొద్దుగూకినాక గానీ ఇంటికి చేరరు. ఆ నెలల్లో పిల్లలతో జపం అవ్వకో తాతకో అప్పగించండి. మనవళ్ళకు మంగళవార్త జపం (మరియమ్మకు చెప్పే చిన్న జపం) నేర్పింది తామేనని చెప్పుకునే అవ్వలు మన విచారణల్లో ప్రతి ఊళ్ళో కనపడతారు.

3. సిలువ గుర్తు సరిగ్గా నేర్పండి

తొందరపడకండి, దీనికి రెండు వారాలు పట్టినా పర్వాలేదు.

ఎక్కువ మంది చేసే పొరపాటు ఎదురుగా కూర్చుని నేర్పడం. మీరు కుడిచెయ్యి ఎత్తితే పిల్లాడు మీకు ఎదురుగా ఉన్న తన ఎడమచెయ్యి ఎత్తుతాడు. భుజాలూ తారుమారవుతాయి. కొందరు పిల్లలు మూడో తరగతిలో దివ్యసత్ప్రసాదం (పూజలో మొదటిసారి అప్పం అందుకోవడానికి సిద్ధం చేసే) క్లాసుకు వచ్చేసరికి కూడా కుడి భుజం నుంచి ఎడమకు వేస్తుంటారు. అప్పటికి అలవాటు ముదిరి ఉంటుంది, మార్చడం కష్టం.

ఇలా చేయండి. పిల్లాడి వెనక మోకాళ్ళ మీద కూర్చోండి. వాడి కుడిచేతిని మీ కుడిచేత్తో పట్టుకోండి. "పిత" అంటూ నుదురు తాకించండి, "పుత్ర" అంటూ ఎద మీద, "పవిత్రాత్మ" అంటూ ఎడమ భుజం నుంచి కుడి భుజానికి. "నామమున, ఆమెన్" అనేటప్పుడు రెండు చేతులూ జోడించాలి. మూడు నాలుగు రోజులయ్యాక మీ చెయ్యి వదులు చేయండి. వాడి చెయ్యి తనంతట తాను నడుస్తుంటే వదిలేయండి.

సరిగా వచ్చిందో లేదో చూడాలంటే వేరే చోట అడగండి. బస్సు ఎక్కినప్పుడు, చర్చి గుమ్మం దగ్గర తీర్థజలం తాకినప్పుడు ఎలా వేస్తున్నాడో గమనించండి. ఇంట్లో సరిగ్గా వేసి బయట దోమను తోలినట్టు చెయ్యి ఆడిస్తుంటే ఇంకా రాలేదన్నమాట. కోప్పడకుండా, "బిడ్డా, మెల్లగ ఇంకోసారి" అంటే చాలు.

4. ముళ్ళ జపమాల కట్టండి

పూసల జపమాల తెగితే పూస నోట్లోకో ముక్కులోకో పోతుంది. అందుకే చిన్నపిల్లల చేతికి ముళ్ళది ఇవ్వాలి.

లంగా నాడా గుండ్రంగా ఉన్నది ఒక మీటరు తీసుకోండి. ఒక చివర జానెడు వదిలేసి, అక్కడి నుంచి బొటనవేలి వెడల్పు ఎడం ఇస్తూ పది మామూలు ముళ్ళు వేయండి. పదీ అయ్యాక రెండు చివరలూ కలిపి ఒక పెద్ద ముడి వేయండి. మిగిలిన తోకకు చెక్క సిలువ గానీ, రెండు ఐస్‌క్రీం పుల్లలు అడ్డంగా కట్టిన సిలువ గానీ కట్టండి. ఎక్కువైన నాడా కత్తిరించి, కొసలు ఊడకుండా సూదీదారంతో కుట్టేయండి. పెద్ద ముడి దగ్గర పరలోక జపం (యేసు నేర్పిన జపం), చిన్న ముడి దగ్గర మంగళవార్త.

కళ్ళు మూసుకుని మీరే ఒకసారి వేళ్ళతో తడిమి చూడండి. ముడికీ ముడికీ తేడా తెలియకపోతే ఎడం తక్కువైంది, విప్పి మళ్ళీ కట్టండి. ఐదేళ్ళ పిల్లలైతే ముళ్ళు వాళ్ళే వేయగలరు. తాము కట్టుకున్న జపమాల వాళ్ళు ఎక్కడా పడేసుకోరు.

జాగ్రత్త: ముళ్ళదైనా పూసలదైనా జపమాల మెడలో వేసి పిల్లల్ని పడుకోబెట్టకండి. కొందరు వేళాంగణి నుంచో గుణదల నుంచో తెచ్చిన జపమాల ఉయ్యాలకు వేలాడదీస్తారు. భక్తితో చేసే పనే, కానీ పసిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. గోడకు కొట్టిన మేకుకు తగిలించండి.

5. వయసును బట్టి కొలత పెట్టుకోండి

రెండు మూడేళ్ళ పిల్లలకు సిలువ గుర్తు, ఒక్క మంగళవార్త, చివర ఆశీర్వాదం. రెండు నిమిషాలు. ఒళ్ళో కూర్చున్నా, నేల మీద దొర్లుతున్నా చెవిన పడుతుంది, అదే చాలు.

నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు ఒక పాట చరణం, ఒక పరలోక జపం, మూడు మంగళవార్తలు, ఒక త్రిత్వ స్తోత్రం (పిత, పుత్ర, పవిత్రాత్మలకు చెప్పే స్తుతి). తర్వాత మెల్లగా పది మంగళవార్తలకు పెంచండి. ఐదారు నిమిషాలు పడుతుంది.

ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకు ఒక దేవరహస్యం (యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టాన్ని తలచుకుంటూ ఒక పరలోక జపం, పది మంగళవార్తలు) పూర్తిగా, పైన ఒక చిన్న బైబిలు ముక్క. పది నిమిషాలు దాటనివ్వకండి.

వేర్వేరు వయసుల పిల్లలుంటే చిన్నవాడి కొలతతో మొదలుపెట్టి, వాడికి ఆశీర్వాదం ఇచ్చి వదిలేసి, పెద్దవాళ్ళతో మిగతాది కొనసాగించండి. చిన్నవాడు పక్కనే ఆడుకుంటాడు, ఆడుకోనివ్వండి. కొన్నాళ్ళకు వాడే వచ్చి ఒళ్ళో దూరతాడు.

6. ఒక్కొక్కరికి ఒక పని ఇవ్వండి

ఊరికే కూర్చోమంటే ఏ పిల్లా కూర్చోదు. చేతికి పని ఉండాలి. ఒకరు చాప పరవాలి, ఒకరు పాట ఎత్తుకోవాలి, ఒకరు పది ముళ్ళు లెక్కపెట్టాలి, ఒకరు బైబిలు తెచ్చి ఇవ్వాలి. మరీ చిన్నదానికి మల్లెపూలో బంతిపూలో మరియమ్మ ముందు పెట్టే పని. పనులు వారానికోసారి మార్చండి. లేకపోతే పాట ఎత్తుకునే పని కోసం అక్కాతమ్ముళ్ళు జపంలోనే కొట్లాడుకుంటారు.

మంగళవార్తను రెండు సగాలుగా చెప్పుకోవడం మనకు అలవాటే. మొదటి సగం పిల్లలకు ఇవ్వండి, "పరిశుద్ధ మరియమ్మా" నుంచి పెద్దలు అందుకోండి. తమ వంతు కోసం ఎదురుచూడడంలోనే పిల్లల ధ్యాస నిలుస్తుంది.

7. దేవరహస్యాన్ని కథగా చెప్పి, ఒక్క ప్రశ్న అడగండి

"రెండవ సంతోష దేవరహస్యం" అని పుస్తకంలోది చదివేసి జపంలోకి దిగితే పిల్లలకు ఏమీ అందదు. జపానికి ముందు నాలుగు మాటల కథ చెప్పండి. సంతోష దేవరహస్యాలకు నేను క్లాసులో చెప్పేది ఇలా ఉంటుంది:

గబ్రియేలు సమ్మనస్కుడు (దేవదూత) వచ్చి అడిగితే మరియమ్మ "సరే" అంది. ఇవాళ అమ్మ అడిగిన ఏ పనికి నువ్వు వెంటనే సరే అన్నావు?

ముసలితనంలో కడుపుతో ఉన్న ఎలిశబేతమ్మకు సాయం చేయడానికి మరియమ్మ గుట్టల దారిన నడుచుకుంటూ పోయి, దాదాపు మూడు నెలలు ఉండి వచ్చింది. మన వాడకట్టులో సాయం కావలసినవాళ్ళు ఎవరున్నారు?

యేసు బాలుడు పశువుల పాకలో పుట్టాడు, తొట్టిలో పడుకోబెట్టారు. ఇల్లు లేని పిల్లల్ని ఎక్కడైనా చూశావా?

పసిబిడ్డను దేవాలయానికి తీసుకెళితే సిమియోను తాత ఎత్తుకుని మురిసిపోయాడు. మన ఇంట్లో తాతతో ఇవాళ మాట్లాడావా?

పన్నెండేళ్ళ యేసు యెరూషలేములో తప్పిపోతే, జోజప్ప, మరియమ్మ మూడు రోజులకు దేవాలయంలో కనుక్కున్నారు. జాతరలో నువ్వు తప్పిపోతే ఏం చేయాలి?

చివరి ప్రశ్న మేడారం జాతర ఏడాదిలో పిల్లలకు నిజంగానే పనికొచ్చింది. జవాబు చెప్పించుకుని ఆగిపోండి. పైన ఉపన్యాసం ఇస్తే మర్నాడు ప్రశ్నకు జవాబు రాదు.

ఏ రోజు ఏ దేవరహస్యాలు అని అడిగేవాళ్ళకు: సోమ, శనివారాలు సంతోషం, మంగళ, శుక్రవారాలు దుఃఖం, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు. వెలుగు దేవరహస్యాలను 2002లో పోప్ రెండవ జాన్ పాల్ కలిపారు, అందుకే పాత జపపుస్తకాల్లో ఉండవు. రోజుకు ఒక్కటే చెప్పుకునే ఇంట్లో ఈ వరస కచ్చితంగా పాటించాలన్న నియమం లేదు. ఐదు సంతోష దేవరహస్యాలను సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చెప్పుకుంటే చిన్నపిల్లలకు కథ వరసగా అందుతుంది.

8. పిల్లల సొంత మాటలకు చోటివ్వండి

జపం అయ్యాక ఒక్క నిమిషం. మూడు మాటలు చాలు: దేనికి థాంక్స్, దేనికి సారీ, ఎవరి కోసం అడుగుదాం. ముందు పెద్దలు చెప్పాలి, నిజంగా చెప్పాలి. "యేసయ్యా, ఇవాళ అమ్మ మీద ఊరికే అరిచిన, సారీ" అని నాన్న అనగా విన్న పిల్లాడికి క్షమాపణ అంటే ఏమిటో ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

పిల్లలు కుక్కపిల్ల కోసం, రిమోట్ కారు కోసం, కరెంటు రావాలని అడుగుతారు. నవ్వకండి. ఒక్కసారి నవ్వితే మళ్ళీ నోరు విప్పరు. ఏమీ చెప్పకపోతే బలవంతం వద్దు, "మనసులో చెప్పుకో" అని ముందుకు సాగండి.

ఇక్కడే పెద్దలు చేసే పెద్ద తప్పు ఒకటుంది. "యేసయ్యా, మా బిడ్డకు బుద్ధి ప్రసాదించు, మంచిగ సదువుకునేటట్టు చెయ్యి" అని పిల్లాడి ముందే వాడి మీద ఫిర్యాదును జపంగా మార్చడం. వాడికది అందరి ముందు తిట్టినట్టే. వాడి చదువు గురించి దేవునికి చెప్పుకోవాలంటే వాడు పడుకున్నాక చెప్పుకోండి.

9. ఆశీర్వాదంతో ముగించండి

బొటనవేలు తీర్థజలంలో ముంచి పిల్లల నుదుటి మీద చిన్న సిలువ గుర్తు వేయండి. "యేసు నిన్ను దీవించునుగాక" అనో, మీ ఇంట్లో అలవాటైన మాటో అనండి. నాన్న ఒకరోజు, అమ్మ ఒకరోజు, అవ్వాతాతలుంటే వాళ్ళూ. పిల్లలు చేతులు జోడించి పెద్దలకు స్తోత్రం చెప్పాలి. అలిగి మూలకు కూర్చున్న పిల్లాడి దగ్గరికి మీరే వెళ్ళి వేయండి. జపంలో అల్లరి చేశాడని ఆశీర్వాదం మాత్రం ఏనాడూ ఆపకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

జపాన్ని శిక్షగా వాడడం. "తమ్మున్ని కొట్టినవు గద, మోకాళ్ళ మీద నిలబడి పది మంగళవార్తలు చెప్పు" అన్న ఇంట్లో మంగళవార్త బెత్తం అవుతుంది. శిక్ష వేరేది వెతుక్కోండి.

భయపెట్టడం. "జపం చెయ్యకుంటె దేవుడు కండ్లు తీస్తడు" అనే మాట ఇంకా మన ఇళ్ళలో వినపడుతోంది. చీకటంటే భయపడే వయసులో ఆ మాట మనసులో ఉండిపోతుంది. దానికి బదులు కావలి సమ్మనస్కుడు పక్కనే ఉంటాడని చెప్పండి, ధైర్యంగా పడుకుంటారు.

లంచం పెట్టడం. జపానికొక చాక్లెట్ అని మొదలుపెడితే చాక్లెట్ ఆగిన రోజు జపం ఆగుతుంది. జపమాల చెబితే ఫస్టు ర్యాంకు వస్తుందనడమూ ఇలాంటిదే. ర్యాంకు రాకపోతే పిల్లాడు దేవుణ్ణే అనుమానిస్తాడు.

యూట్యూబ్‌లో జపమాల పెట్టి పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టడం. పెద్దలు ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రయాణంలో అది సాయమే. పిల్లలకు మాత్రం అమ్మానాన్నల గొంతే కావాలి. తప్పదంటే ఫోను బోర్లా పెట్టి వినిపించండి.

తొందరలో మాటలు మింగేయడం. పెద్దలు గబగబా చెబితే పిల్లల నోట "మీ గర్భఫలమగు" అనేది ఏదో మంత్రంలా మారిపోతుంది. నెలకోసారి ఒక్కొక్క పిల్లాడితో విడిగా, మెల్లగా చెప్పించి వినండి. ఏ మాట దగ్గర తడబడుతున్నాడో అక్కడ ఆ వారమంతా మీరు నిదానించండి. సరిచేయడం జపం మధ్యలో కాదు, పొద్దున జడ వేసేటప్పుడో స్నానం చేయించేటప్పుడో.

ఇంకొకటి. కాన్వెంటులో చదివే పిల్లలకు బడిలో ఇంగ్లీషు జపాలు వస్తాయి. ఇంట్లో తెలుగులోనే చెప్పండి, అవ్వాతాతలు గొంతు కలపగలిగేది అందులోనే. అలాగని ఇంగ్లీషులో చెప్పిన పిల్లను ఆపకండి. ఆమె వంతు వచ్చినప్పుడు ఆమెకొచ్చిన భాషలో చెప్పనివ్వండి. మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఆదిలాబాద్ మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) సీరో మలబార్ రీతికి, అంటే కేరళ నుంచి వచ్చిన కతోలిక ఆరాధన తీరుకు చెందింది. అక్కడ జపాల్లో మాటలు కాస్త వేరుగా ఉంటే, మీ చర్చిలో ఏది చెబుతారో ఇంట్లోనూ అదే నేర్పండి.

ఏడాది పొడవునా పిల్లలు ఇష్టంగా చేసేవి

రోజూ ఒకే తీరుగా ఉంటే పిల్లలకు విసుగొస్తుంది. పండుగ కాలాలు కొత్తదనం తెస్తాయి.

ఆగమన కాలం అన్నిటికంటే పిల్లలకు నచ్చేది. క్రీస్తు జయంతికి ముందు నాలుగు ఆదివారాలు. మన దగ్గర అప్పటికి వరి కోతలు అయిపోయి గడ్డి ఎక్కడ చూసినా ఉంటుంది. ఖాళీ తొట్టి ఒకటి పెట్టి, పిల్లలు ఒక మంచి పని చేసిన ప్రతిసారీ ఒక గడ్డిపోచ అందులో వేయమనండి. క్రిస్మస్ రాత్రికి బాల యేసుకు పరుపు సిద్ధమవుతుంది. ఎవరు ఎన్ని పోచలు వేశారో లెక్కపెట్టకండి, పోటీ పెడితే గడ్డివాములో నుంచి గుప్పెళ్ళు తెచ్చి కుక్కుతారు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో ఒక మట్టి గల్లగురిగి కొనండి. విభూది బుధవారం నుంచి, మానేసిన చిప్స్ ప్యాకెట్టు డబ్బులు అందులో వేయాలి. మట్టల ఆదివారం తర్వాత పగలగొట్టి పిల్లల చేతుల మీదుగానే పేదలకు ఇప్పించండి. శుక్రవారాల్లో సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని తలచుకునే జపం) పద్నాలుగు స్థలాలూ చిన్నపిల్లలతో ఇంట్లో చెప్పించకండి, ఒక స్థలం బొమ్మ చూపించి ఒక పరలోక జపం చాలు.

నవంబరు 2 సమాధుల పండుగకు ముందు వారం, చనిపోయిన తాతముత్తాతల పేర్లు రోజుకొకటి పిల్లలతో చెప్పించండి. సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పేరు వాళ్ళే చదువుతారు.

మే, అక్టోబరు నెలలు మరియమ్మవి. అక్టోబరులో చాలా విచారణల్లో ఇంటింటికీ జపమాల తిరుగుతుంది. అక్కడ ఐదు దేవరహస్యాలూ చెబుతారు. చిన్నపిల్లలతో వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర కూర్చోండి, ఒకటి రెండు అయ్యాక ఏడిస్తే బయటికి తీసుకెళ్ళండి. ఎవరూ ఏమీ అనుకోరు.

శనివారం రాత్రి మాత్రం ఏ కాలంలోనైనా ఒక పని చేయండి. మర్నాడు చర్చి పూజలో చదివే సువిశేషాన్ని (యేసు గురించిన బైబిలు భాగాన్ని) ముందే కథగా చెప్పండి. ఆదివారం పీఠం దగ్గర ఫాదర్ గారు అదే చదువుతుంటే పిల్లాడు మీ కొంగు లాగి "ఇది నాకు తెలుసు" అంటాడు. ఇంటి జపం పనిచేస్తోందనడానికి నాకు తెలిసిన గట్టి గుర్తు అదే.

మామూలుగా అడిగే మరికొన్ని

"మా ఆయన కతోలికుడు కాదు, ఎట్ల?" బలవంతం చేయకండి, చాటుగానూ చేయకండి. ఆయన ఇంట్లో ఉండగానే మామూలు పనిలా చేసుకోండి. ఇష్టమైతే వచ్చి కూర్చుంటారు, పిల్లల నుదుటి మీద చెయ్యి పెట్టి దీవించమని అడిగితే కాదనే తండ్రిని నేను చూడలేదు. ఆ వైపు నానమ్మ మొక్కుకునే తీరును పిల్లల ముందు తక్కువ చేసి మాట్లాడకండి.

"బాప్టిస్టు చుట్టాలు మా పిల్లల్ని 'మీరు మరియమ్మకు మొక్కుతరా' అని అడుగుతున్నరు." హన్మకొండలో ఇది ప్రతి కుటుంబంలో వచ్చేదే. పిల్లలకు జపంలోని మాటలే చూపించండి: "మా కొరకు ప్రార్థించండి" అని అడుగుతున్నాం. జ్వరం వచ్చినప్పుడు అవ్వను మన కోసం జపం చేయమని అడుగుతాం కదా, అలాగే యేసు తల్లినీ అడుగుతాం. ఆరాధన దేవునికే. ఇంతకంటే వాదన పిల్లల చేత చేయించవద్దు.

"ఒక వారం మొత్తం తప్పింది, మళ్ళీ ఎట్ల మొదలుపెట్టాలె?" బాకీ తీర్చినట్టు ఏడు రోజులదీ ఒకేసారి చెప్పించకండి. ఆ రోజుది ఆ రోజు చెప్పండి. పెళ్ళిళ్ళు, జ్వరాలు, పరీక్షలు వస్తుంటాయి. ఆ రోజుల్లో సిలువ గుర్తు, ఆశీర్వాదం రెండూ నిలుపుకుంటే మిగతాది తిరిగి వస్తుంది.

"ఐదు దేవరహస్యాల పూర్తి జపమాలకు ఎప్పుడు మారాలె?" వయసును బట్టి కాదు, మూడు గుర్తులను బట్టి. ఒక దేవరహస్యం మీరు గుర్తు చేయకుండా పిల్లలు నడపగలగాలి. పది మంగళవార్తల్లో లెక్క తప్పకూడదు. అయిపోయాక "ఇంకొకటి చెబుదాం" అని వాళ్ళలో ఒకరైనా ఎప్పుడో ఒకసారి అడిగి ఉండాలి. ఈ మూడూ కనపడితే శనివారం ఒక్కరోజు రెండు చెప్పి చూడండి. నెల రోజులు అది నిలిస్తే మూడు. ఐదుకు చేరడానికి ఏడాది పట్టినా తొందరేమీ లేదు, మిగతా రోజుల్లో ఆ ఒక్కటే కొనసాగించండి.